గొట్టాలు వెచ్చగా ఉంచు

రేకుల షెడ్డు, పనిస్థలం
అక్టోబరు 9

అక్కకి,

నీ పార్శిలు నిన్న మధ్యాహ్నం చేరింది. పెట్టె మీద 'జాగ్రత్త' అని మూడుచోట్ల రాశావు. నాకు చెప్పావో లోపలున్న మందు పిండే గన్నుకు చెప్పావో అర్థం కాక ఇద్దరం జాగ్రత్తగానే ఉన్నాం.

ఫోన్ చేయలేదని అలగకు. పదిహేనేళ్లు డ్రిల్లు పక్కన చెవి పెట్టి బతికినవాడిని. ఫోన్లో నీ గొంతు నాకు దోమ పాటలా వినబడుతుంది. నువ్వు 'బాగున్నావా' అంటే నేను 'బోల్టులా?' అంటాను. మనకి ఉత్తరాలే నయం. అమ్మ పోయాక పక్కన కూర్చోబెట్టుకుని నాకు ఉత్తరం రాయడం నేర్పింది నువ్వే. ఇప్పుడు అనుభవించు.

ఇక్కడ కడుతున్నది కొత్త ఆసుపత్రి. నాలుగంతస్తులు. మధ్యలో కిందినుంచి పైకప్పుదాకా ఖాళీ, దాని చుట్టూ వరండాలు. ఆ వరండాల అంచున ఇనుప రెయిలింగులు నిలబెట్టడం మా వంతు. కాంక్రీటులో రంధ్రం వేయాలి, దుమ్ము ఊదాలి, జంట గొట్టాల్లోంచి మందు నింపాలి, బోల్టు దించాలి. మందు గట్టిపడిందంటే రాయితో సమానం. ఇన్నాళ్లూ ఆ మందుని చేతి గన్నుతో పిండేవాళ్లం. ట్రిగ్గరు నొక్కీ నొక్కీ నా కుడి మణికట్టు ఎలా తయారైందో నీకు తెలుసు. షర్టు గుండీలు పెట్టుకోడానికి పావుగంట.

ఇవాళ నీ మోటారు గన్నుతో పది రంధ్రాలు నింపాను. వేలు ఆనిస్తే చాలు, 'గుర్ర్' అని దానంతటదే తోస్తోంది. ఏడుపొచ్చిందంటే నమ్ముతావా? నమ్మకు, దుమ్ము పడింది కంట్లో.

నాతో జతగా పనిచేసే పెద్దాయన గురించి ఎప్పుడూ రాయలేదు కదూ. అందరూ కొలతల బాబాయి అంటారు. ఇంకో ఏడాదిలో పని మానేస్తాడు. మూడుసార్లు కొలవందే దేన్నీ ముట్టుకోడు. టీ గ్లాసుకి కూడా టేపు పెడతాడని మావాళ్ల హాస్యం. నీ గన్నుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవరు చేశార్రా దీన్ని?"

"మా అక్క."

"మీ అక్క చేసిందా, మీ అక్క కంపెనీ చేసిందా?"

"మా అక్కే బాబాయ్. బొమ్మ గీసిందీ ఆవిడే, లోపల పళ్లచక్రాలు అమర్చిందీ ఆవిడే."

"అయితే ఒకసారి ఆవిడ చేతులు చూడాలిరా నేను" అన్నాడు. ఆయన నోట ఇంతకన్నా పెద్ద మెప్పు నేను వినలేదు.

నీ
పిడుగు


టెస్టు గది, ఆఫీసు
అక్టోబరు 20

పిడుగుకి,

నీ కంట్లో పడ్డ దుమ్ము ఇక్కడిదాకా వచ్చినట్టుంది.

మీ బాబాయికి చెప్పు, నా చేతుల్లో చూడ్డానికేం లేదని. గోళ్లనిండా గ్రీజు.

ఇది ఎందుకు కష్టమో నీకోసారి చెప్పాలని ఎప్పటినుంచో ఉంది. మీరు వాడే జంట గొట్టాల్లో పెద్దదానిలో జిగురు, చిన్నదానిలో దాన్ని గట్టిపరిచే మందు. రెండూ కొలతప్రకారం కలిసి ముందుకు రావాలి. మూతిలో ఉన్న మెలికల్లో పడి కలిసిపోవాలి. గట్టిపరిచేది తగ్గిందా, జిగురు జిగురుగానే ఉండిపోతుంది. పైకి మాత్రం అదే బూడిదరంగు, తేడా కనబడదు. అందుకే రెండు కడ్డీలకీ ఒకటే మోటారు పెట్టాను. రెండూ చెయ్యీ చెయ్యీ పట్టుకున్నట్టు కదలాలి.

అంతవరకూ లెక్కే. అసలు చిక్కు వేరే. చేత్తో పిండేటప్పుడు గొట్టంలో ఏదో అడ్డుపడితే నీ చేతికి తెలుస్తుంది. ఆగిపోతావు, తిట్టుకుంటావు, మూతి మారుస్తావు. మోటారుకి ఆ స్పర్శ లేదు. తోయమంటే తోస్తూనే ఉంటుంది. ఎక్కడ ఆగాలో దానికి నేర్పడమే రెండేళ్ల నా పని. ఇంత బలం దాటితే ఆగిపోయి ఎర్రదీపం వెలిగించాలని ఒక హద్దు పెట్టాను.

ఈ వారం గొట్టాలను ఫ్రిజ్‌లో పెట్టి చలిలో ఎలా నడుస్తుందో చూస్తున్నాం. ఫ్రిజ్‌లో ఎవరో టిఫిన్ డబ్బా కూడా పెట్టారు. పరీక్ష ఫలితాల్లో దాన్ని కూడా రాయాలా అని మా మేనేజరుని అడిగితే నవ్వలేదు.

కట్టు కట్టుకోవడం మానకు. మణికట్టు నయమైందని ఎగిరెగిరి పడకు.

అక్క


రేకుల షెడ్డు
నవంబరు 21

అక్కకి,

నీ గన్నులు ఇప్పుడు మా సైటులో ఆరున్నాయి. మా సూపర్‌వైజరు నాది చూసి మీ కంపెనీకి రాసి తెప్పించాడు. అందరూ 'అక్క గన్ను' అంటున్నారు. 'అక్కని ఇలా ఇవ్వు', 'అక్కకి బ్యాటరీ అయిపోయింది' అని అరుచుకుంటుంటే నవ్వలేక చస్తున్నాను. ఇదివరకు రోజుకి పాతిక రంధ్రాలు నింపితే గొప్ప. ఇప్పుడు అరవై. రెండో అంతస్తు అయిపోయింది, మూడోదానిలో ఉన్నాం.

చలి మాత్రం ఈ ఏడాది ముందే దిగింది. పొద్దున్నే ఇనుము ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటున్నాయి. షెడ్డుకి మూడువైపులే గోడలు. మందు గొట్టాల పెట్టెలన్నీ అందులోనే.

ఒక సంగతి అడగాలి. బాబాయి అడగమన్నాడు. అయిపోయిన గొట్టాన్ని మేము పారేస్తాం, ఆయన పారేయడు కదా, తీసి లోపలికి చూశాడు. చిన్న గొట్టంలో మందుని తోసే బిళ్ల ఉంటుంది చూడు, దాని వెనకవైపు కూడా మందు అంటుకుని ఉంది. ఇంకోటి చూశాడు. అందులో లేదు. మూడోదానిలో మళ్లీ ఉంది.

"ముందుకి పోవాల్సింది వెనక్కెందుకొచ్చిందిరా?"

"ఏదో కాస్త కారుంటుంది బాబాయ్."

"వెనక్కి కారిందంటే ముందు తగ్గినట్టేగా? మీ అక్కని అడుగు. ఆవిడ చెప్పేదాకా ఆగుదాం."

సూపర్‌వైజరు ఆగనిస్తాడా? నింపిన బోల్టుల్లో కొన్నిటినైనా లాగి చూడమని బాబాయి పోరితే, లాగే జాకీ ఇంకో సైటుకి పోయిందన్నాడు. కనుక నువ్వే త్వరగా రాయి. 'ఆవిడ ఏమందిరా' అని పొద్దునోసారి, సాయంత్రమోసారి ఆయన నా ప్రాణం తీస్తున్నాడు.

పిడుగు


ఆఫీసు
డిసెంబరు 12

పిడుగుకి,

ఆలస్యమైంది. పని ఒత్తిడి. గన్నుని వచ్చే నెల పెద్ద ఎత్తున బజారులోకి వదులుతున్నారు. పొద్దున కూర్చుంటే లేవడానికుండడం లేదు.

నువ్వడిగిన సంగతి. బిళ్ల వెనక కాస్త కారడం మామూలే. గుడ్డతో తుడిచెయ్యి.

గొట్టాలు మాత్రం వెచ్చగా ఉంచు. షెడ్డులో కాకుండా గదిలో పెట్టుకుంటే మంచిది.

మీ బాబాయికి నా నమస్కారాలు చెప్పు. మణికట్టు ఎలా ఉంది?

అక్క


రేకుల షెడ్డు
జనవరి 4

అక్కా,

బాబాయి పోయాడు.

నిన్న మధ్యాహ్నం, మూడో అంతస్తు. రెయిలింగు పైపు మీదకి ఒరిగి, అంచు కింద ఎంత మందం ఉందో కొలవడానికి టేపు దింపాడు. నేను పక్కనే, పెన్సిలు పట్టుకుని. "రాసుకో" అన్నాడు. అంకె చెప్పలేదు. చెప్పాడేమో, నా చెవికి అందలేదేమో అనుకుని, "ఎంత బాబాయ్?" అంటూ తలెత్తాను. అక్కడ ఆయన లేడు. రెయిలింగూ లేదు.

నేను మెట్లు దిగిన సంగతి గుర్తు లేదు. కిందికి చేరేసరికి నా కాలికి చెప్పు ఒకటే ఉంది, రెండోది ఎక్కడ పోయిందో. అప్పటికే ఎవరో ఆయన మొహం మీద తువ్వాలు కప్పారు.

రెయిలింగు స్తంభాలు నాలుగు ఊడాయి. బోల్టులు బోల్టులే, వంగలేదు, విరగలేదు. మందుతో సహా లేచి వచ్చాయి. పైన పొర గట్టిగానే ఉంది. లోపల గోరు పెట్టి గిల్లితే ఊడి వచ్చింది, తడిసిన సబ్బులాగా. ఆ నాలుగూ నేను నింపినవే. నాకు గుర్తుంది.

పని ఆపేశారు. నన్ను ఎక్కడికీ వెళ్లొద్దన్నారు.


ఇల్లు
జనవరి 11

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి ఏం రాయాలో తెలియక వారం తిరిగింది. అంత మంచి మనిషి. నేను ఆయన్ని చూడనైనా లేదు.

నువ్వు తింటున్నావా? నిద్ర పడుతోందా? ఒంటరిగా ఉండకు. మీవాళ్లని నలుగురిని దగ్గర ఉండమను. నేను బయలుదేరుదామనుకున్నాను. ఈ వారమే గన్ను విడుదల, సెలవు ఇవ్వనన్నారు.

మందు ఏ కంపెనీదో చూశావా? గొట్టాల మీద తేదీ దాటిందేమో చూడు. రంధ్రాల్లో దుమ్ము సరిగ్గా ఊదకపోయినా ఇలా జరుగుతుందంటారు. తొందరపడి ఎవరితోనూ ఏమీ అనకు. నీ మీద నువ్వే నింద వేసుకోకు.

అక్క


అద్దె గది
ఫిబ్రవరి 2

అక్కకి,

విచారణ అయిపోయింది. నీకు చెప్పాలి కదా అని రాస్తున్నాను.

సూపర్‌వైజరు గదిలో బల్ల వేసి ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో తెల్ల జుట్టు పెద్దాయన, కోపంగా లేడు, అలసిపోయినట్టున్నాడు. నాకు వినబడేలా గట్టిగా, ఒక్కొక్క మాటా విడదీసి అడిగాడు.

"మందు గొట్టాలు ఎక్కడ ఉంచారు?"

"షెడ్డులో అండి."

"చలిలో?"

"చలిలోనే అండి."

"వెచ్చగా ఉంచాలని ఎవరైనా చెప్పారా?"

"చెప్పారండి. మా అక్క. ఆ గన్ను చేసిన మనిషి."

నీ ఉత్తరం జేబులోనే ఉంది. చూపించాను. 'గొట్టాలు మాత్రం వెచ్చగా ఉంచు' అన్న చోట ఆయన పెన్సిలుతో గీత గీశాడు. గన్నుతో వచ్చిన కాగితం కూడా తెప్పించాడు. దాని వెనక, చీమల్లాంటి అక్షరాల్లో, అదే మాట ఉంది.

"అంటే హెచ్చరిక నీకు రెండుసార్లు చేరింది" అన్నాడు.

"చేరిందండి" అన్నాను.

సంతకం పెట్టమన్న చోట పెట్టాను. నా ఫిట్టరు కార్డు తీసేసుకున్నారు. నిర్లక్ష్యం అని కేసు కూడా పెడతారట. నీ మిషన్‌కు మచ్చ రాలేదు. నీకా భయం అక్కర్లేదు.

బాబాయి ఇంటికి వెళ్లాను. ఇల్లంటే రెండు గదులు. తలుపు పక్కన గోడకి ఆయన పెన్సిలు గీతలు ఇంకా ఉన్నాయి, బీరువా పెడదామని కొలిచాడట. పిన్ని చాప మీద కూర్చునుంది. నావైపు చూడలేదు. కూతురు బట్టలు కుట్టే దుకాణంలో పని చేస్తుంది. మెడలో టేపు అలాగే వేసుకుని గుమ్మం దగ్గరికొచ్చింది.

"మా నాన్న మూడుసార్లు కొలిచేవాడు. నువ్వు ఆ మందు గట్టిపడిందో లేదో ఒక్కసారైనా చూశావా?" అంది.

"లోపలికి రాకు" అంది. నేను గుమ్మం దాటలేదు.

కార్డు లేకుండా ఎక్కడా పని ఇవ్వరు. కలప అడితీలో చెక్కలు మోస్తున్నాను. అక్కడ ఎవరూ పెద్దగా మాట్లాడరు, అది నాకు బాగుంది.

తమ్ముడు


ఇల్లు
ఫిబ్రవరి 19

తమ్ముడూ,

చింపాలనిపిస్తుంది, కానీ మొత్తం చదివాక చింపు.

తప్పు నీది కాదు. గొట్టాలు చలిలో ఉంచడం వల్ల జరిగిందన్నది నిజం. కానీ ఆ చలికి ఏం జరుగుతుందో నాకు అక్టోబరులోనే తెలుసు. నువ్వు కాదు, నేను.

ఫ్రిజ్‌లో పెట్టి పరీక్షిస్తున్నాం అని సరదాగా రాశాను, గుర్తుందా? నలభై జంటలు పరీక్షించాం. చలికి చిన్న గొట్టంలో మందు బిగుసుకుపోతుంది. చేతి గన్నయితే మనిషి వల్ల కాక ఆగిపోతాడు. మోటారు ఆగదు. తోసేకొద్దీ లోపలి బిళ్ల పక్కకి ఒరిగి, మందు దాని అంచులోంచి వెనక్కి జారుతుంది. నలభైలో మూడింటికి అలా జరిగింది. ఆ మూడింటితో నింపిన నమూనాలు వారం తర్వాత కూడా లోపల మెత్తగానే ఉన్నాయి. బాబాయి అడిగిన ప్రశ్న అదే. ఏ యంత్రమూ లేకుండా, వాడేసిన గొట్టంలోకి తొంగిచూసి, నాకు పది రోజులు పట్టిన సంగతి ఆయన ఒక్క మాటలో పట్టుకున్నాడు.

నేను మోటారుకి పెట్టిన హద్దుని ఇంకా తగ్గించాను. చలిగా ఉంటే అది మాటిమాటికీ ఆగిపోయి ఎర్రదీపం వెలిగించేది. మేనేజరు పిలిచాడు.

"పది నిమిషాలకోసారి ఆగిపోయే గన్ను ఎవరు కొంటారమ్మా?"

"ఆగాలి సార్. ఆగకపోతే మందు వెనక్కి పోతుంది."

"నలభైలో మూడేగా? గొట్టాలు వెచ్చగా ఉంచమని కాగితంలో వేద్దాం. నువ్వా హద్దు పెంచెయ్."

ఆయన అరవలేదు, బెదిరించలేదు. కుర్చీ చూపించి, టీ తెప్పించి చెప్పాడు. నేను టీ తాగి, నా బల్ల దగ్గరికి వచ్చి, అంకె మార్చాను. ఎవరో మార్చారని చెప్పుకోడానికి లేదు. ఆ అంకె మార్చిన వేలు నాది. రెండేళ్లు కష్టపడి చేసింది నలుగురి చేతుల్లోకి వెళ్లాలని ఉండింది నాకు. నీ చేతికి సుఖమిచ్చిందని నువ్వు రాసిన ఉత్తరాన్ని ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను.

నువ్వడిగినదానికి జవాబు రాయడానికి పంతొమ్మిది రోజులు తీసుకున్నాను. పని ఒత్తిడి అన్నది అబద్ధం. మొదటిరోజే రాశాను, 'ఆ గన్నుని ఆపెయ్, చలి మొదలయ్యాక నింపినవన్నీ లాగి చూడు' అని. పోస్టు చెయ్యలేదు. నా చేతిరాతలో ఆ మాట బయటికి వెళితే ఉద్యోగం పోతుందనుకున్నాను. విడుదల అయ్యాక చెబుదాంలే అనుకున్నాను. రెండు బోల్టుల మందు మెత్తగా ఉండిపోతే మాత్రం ఏమవుతుందిలే అని కూడా అనుకున్నాను. అలా అనుకున్నానని ఒప్పుకోడానికి నాకు ఇన్నాళ్లు పట్టింది. చివరికి ఆ కాగితం సొరుగులో పెట్టి, 'మామూలే, తుడిచెయ్యి' అని ఇంకో కాగితం మీద రాసి పంపాను.

ఆయన పోయాక కూడా మందు మీదకీ దుమ్ము మీదకీ నెట్టబోయాను. నువ్వు సంతకం పెట్టి వచ్చావని చదివినప్పుడు, ఒక్క క్షణం, గుండెల మీంచి బరువు దిగింది నాకు. అది కూడా నీకు తెలియాలి. ఆ క్షణం తర్వాత నుంచి అన్నం సహించడం లేదు.

పరీక్ష రిపోర్టు నకలూ, ఆరోజు పంపని ఉత్తరమూ ఇందులో పెట్టాను. ఇవే ఆ విచారణవాళ్లకి కూడా ఇవాళే పంపాను, హద్దు మార్చింది నేనేనని పైన రాసి. నీ కార్డు నీకు తిరిగి ఇవ్వాలి. ఇస్తారు.

అక్క


అద్దె గది
మార్చి 30

అందింది. నెల రోజులు కవరు చింపలేదు. చింపాక చదవడానికి వారం పట్టింది.

వెనక్కి కారుతోందన్న సంగతి నువ్వు చెప్పక్కర్లేదు. ఆ సబ్బులాంటి ముక్క చేత్తో పట్టుకున్నప్పుడే బాబాయి మాట తలకెక్కింది నాకు. విచారణలో నీ ఉత్తరం చూపించానన్నాను కదా. ఎలా చూపించానో చెప్పలేదు. 'మామూలే, గుడ్డతో తుడిచెయ్యి' అన్న వాక్యం పైన ఉంది. అది కనబడకుండా కాగితాన్ని అక్కడికి మడిచి, వేలితో నొక్కిపట్టి ఇచ్చాను. ఆ తెల్ల జుట్టు పెద్దాయన మడత విప్పలేదు.

ఎందుకు మడిచానంటే, నువ్వు తెలియక రాశావనుకున్నాను. చదువుకున్న మనిషైనా సైటు చూడని మనిషి, పొరపాటు పడింది, ఆ ఒక్క మాటకి రెండేళ్ల పని బూడిదవుతుందే అనుకున్నాను. నా పని పోతే పోయింది, మోయగలను అనుకున్నాను.

తెలిసి రాశావా?

చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే మందు చేదుగా ఉంటుందని ముందే చెప్పేదానివి. తియ్యగా ఉంటుందని ఏనాడూ అబద్ధమాడలేదు. అందుకే నువ్వు మామూలే అంటే మామూలే అనుకున్నాను. బాబాయికి అదే చెప్పాను. "మా అక్క మామూలేనంది బాబాయ్" అన్నాను. ఆయన ఇంకేం అడగలేదు. ఆ తర్వాత ఇరవై రోజులు బిళ్ల వెనక కారినదాన్ని గుడ్డతో తుడిచింది ఆయనే.


వేరే గది
ఏప్రిల్ 22

తమ్ముడికి,

విచారణవాళ్ల దగ్గర్నుంచి జవాబు వచ్చింది. రెండు వాక్యాలు. రిపోర్టు అందినదట. సంబంధిత వ్యక్తి తప్పు ఒప్పుకుని సంతకం చేసినందున ఫైలు ముగిసినదట.

నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. ఆఫీసు గుట్టు బయటపెట్టానని కారణం రాశారు. హద్దు తగ్గించి కొత్త గన్ను తెస్తున్నారని విన్నాను. పాతవాటిని వెనక్కి పిలవలేదు. పిలిస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందట.

అందుకని నేనే తిరుగుతున్నాను. ఈ ఊళ్లో కట్టే ప్రతి భవనం దగ్గరా ఆగి, నా గన్ను కనబడితే లోపలికి వెళ్లి చెబుతున్నాను. ఒకాయన అంతా విని, "ఏమ్మా, పోటీ కంపెనీ మనిషివా?" అన్నాడు. ఇంకొకాయన, "ఇది వచ్చాకే మా చేతులు బతికాయి, దీన్ని కూడా లాక్కుంటావా తల్లీ" అన్నాడు. నిన్న పన్నెండు చోట్లకి వెళ్లాను. ఒక్కచోట మాత్రం ఒకతను గొట్టం విప్పి చూశాడు. చూసి, గన్ను పక్కన పెట్టాడు. ఆ ఒక్కచోటే.

నువ్వు రమ్మంటే వస్తాను. బాబాయి కూతురి ముందు నిలబడి చెబుతాను. నువ్వు కొట్టినా పడతాను. ఏమీ రాయకపోతేనే పడలేకపోతున్నాను.

అక్క


అద్దె గది
మే 27

అక్కకి,

బాబాయి ఇంటికి వెళ్లాను. ఈసారి నీ రిపోర్టు తీసుకెళ్లాను. కూతురు గుమ్మంలోనే నిలబెట్టింది. నీ ఫిబ్రవరి ఉత్తరం చేతికిచ్చాను. నిలబడి చదివింది. చదివాక లోపలికి రమ్మని అనలేదుగానీ, పక్కకి జరిగింది.

"ఇదంతా ఆవిడ చేసిందైతే నువ్వెందుకు సంతకం పెట్టావు?" అంది.

"అక్క కదా" అన్నాను.

"మాకు నాన్న కదా" అంది.

ఆ తర్వాత నెలంతా ఆ పిల్లతో కలిసి తిరిగాను. ఆసుపత్రి గేటు దగ్గర నన్ను రానివ్వరు, కార్డు లేదు. తనే వెళ్లి అడిగేది. మూడుసార్లు పొమ్మన్నారు. నాలుగోసారి ఆ భవనం చూసుకునే ఇంజనీరు ఎవరో రిపోర్టు చదివి, ఒక వరస లాగి చూడమని జాకీ తెప్పించాడు. రోడ్డు అవతల నిలబడి నేను ఆసుపత్రి కిటికీలోంచి కనబడినంత చూశాను. నలభై బోల్టులు లాగారు. పంతొమ్మిది ఊడి వచ్చాయి. రోగులు, పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు ఒరిగి నిలబడాల్సిన చోట. వచ్చే వారం నుంచి అన్నీ కోసేసి మళ్లీ వేస్తారట, వేరేవాళ్లతో.

నా కార్డు సంగతి అడిగాను. "సంతకం నీదేగా" అన్నారు. ఇంకా ఏదైనా అంటే, విచారణలో కాగితం మడిచి దాచానని నేనే చెప్పాల్సి వస్తుంది. చెప్పాను కూడా. దానికి ఇంకో కేసు పెట్టవచ్చన్నారు. అడితీలో పని బాగానే ఉంది.

క్షమించానని రాయమంటావని తెలుసు. రాయలేను. కోపం కూడా తగ్గిపోయింది, దాని చోట ఏమీ మిగల్లేదు. నువ్వు గుర్తొస్తే బాబాయి గుర్తొస్తాడు, బాబాయి గుర్తొస్తే నువ్వు. ఇద్దరిలో ఎవరినీ ఒంటరిగా తలుచుకోలేకపోతున్నాను.

పిన్ని మీ కంపెనీ మీద కేసు వేస్తోంది. వకీలు నీ చేతిరాత కావాలన్నాడు. నీ ఉత్తరాలన్నీ, మొదటినుంచీ, ఇచ్చేశాను. టిఫిన్ డబ్బా హాస్యం ఉన్నది కూడా. నా దగ్గర ఇప్పుడు నువ్వు రాసింది ఒక్క ముక్క లేదు.

కొన్నాళ్లు నాకు రాయకు. ఎన్నాళ్లో తెలియదు. రాయాలని ఉంటే పిన్నికి రాయి, అడ్రసు వెనక ఉంది. తనకి చదవడం రాదు. కూతురు దుకాణం నుంచి వచ్చాక పక్కన కూర్చుని చదివి వినిపిస్తుంది. కాబట్టి తేలిక మాటల్లో రాయి. మోటారు, బలం, హద్దు అని రాయకు. ఆయన నిన్నొకటి అడిగాడని రాయి. నువ్వేం చెప్పావో రాయి.

తమ్ముడు